ఒకే పెట్టె, రెండు యంత్రాలు: సిగ్నల్ అందని చోట లినక్స్‌తో ప్రింటర్, స్కానర్

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన ఉన్న బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి. కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, బస్తర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా. అన్నీ కలిపితే విస్తీర్ణంలో కేరళ కంటే పెద్దవి. దక్షిణాన కొంటా, భోపాలపట్నం వైపు తెలుగు మాట కూడా వినిపిస్తుంది. అడవి మధ్యన ఉన్న పల్లెల్లో ఒక కాగితానికి నకలు కావాలంటే బ్లాకు కేంద్రానికి ప్రయాణం కట్టాలి. ఒక పూట పని, బస్సు ఛార్జీ పోయాక చేతికొచ్చేది రెండు జిరాక్సు కాగితాలు.

ఆ కాగితాల విలువ మాత్రం తక్కువ కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత హక్కుకు ‘ఎ’ ఫారం, సామూహిక హక్కులకు ‘బి’ ఫారం, సామూహిక అటవీ వనరుల హక్కుకు ‘సి’ ఫారం నింపాలి. వ్యక్తిగత దావాకు ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు జతపరచాలి. పాత రశీదులు, గుర్తింపు పత్రాలు, ఊరి పెద్దల వాంగ్మూలం రాతప్రతి వంటివి ఇందులోకి వస్తాయి. ఈ దస్త్రం గ్రామసభ నుంచి సబ్‌డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి వెళుతుంది. ఏ మెట్టు దగ్గర ఆగినా, ‘మా దగ్గర నకలు ఉంది’ అని గ్రామసభ చెప్పగలగాలంటే ప్రతి పుటా ఊళ్లోనే స్కాన్ అయి ఉండాలి.

దీనికి కావాల్సింది పెద్ద సరంజామా కాదు. ముద్రణ, స్కానింగు, నకలు మూడూ చేసే ఒక మల్టీఫంక్షన్ ప్రింటర్, దాన్ని నడిపే ఒక కంప్యూటర్ ఉంటే చాలు. ఇలాంటి చోట్లకు చేరేవి ఎక్కువగా పాత కంప్యూటర్లే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 పెట్టే హార్డ్‌వేర్ షరతులకు చాలా పాత యంత్రాలు సరితూగవు. అదే కంప్యూటర్‌లో లినక్స్ పైసా ఖర్చు లేకుండా నడుస్తుంది. అయితే లినక్స్ వేసుకున్నవారిలో చాలామంది చెప్పే మాట ఒకటుంది: ‘అంతా బాగానే ఉంది, ప్రింటర్ మాత్రం మాట వినడం లేదు.’ ఇంకొందరిది మరో ఫిర్యాదు: ‘ప్రింటు వస్తోంది, స్కాన్ రావడం లేదు.’ ఈ రెండింటికీ కారణం ఆ పెట్టె లోపలి ఏర్పాటులోనే ఉంది.

పెట్టె ఒకటే, సంభాషణలు రెండు

మల్టీఫంక్షన్ ప్రింటర్ చూడటానికి ఒకే యంత్రం. కంప్యూటర్‌కు మాత్రం అది ఒకే కప్పు కింద కాపురమున్న రెండు యంత్రాలు. యూఎస్‌బీ తీగ కలపగానే ఆ పరికరం తనను తాను పరిచయం చేసుకుంటుంది. ఆ పరిచయంలో ఒకటి కాదు, కొన్ని వేర్వేరు ‘ఇంటర్‌ఫేస్’లు ఉంటాయి. ఇంటర్‌ఫేస్ అంటే మాట్లాడుకునే ద్వారం. ఒక ద్వారం గుండా ప్రింటరుతో మాట్లాడాలి, మరో ద్వారం గుండా స్కానరుతో మాట్లాడాలి. నకలు తీసే పని ఈ లెక్కలోకి రాదు. స్కానర్ చూసిన బొమ్మను యంత్రం తనలో తానే ప్రింటరుకు అందిస్తుంది. అందుకే కంప్యూటర్ ఆపేసి ఉన్నా జిరాక్సు వస్తుంది.

లినక్స్‌లో ఈ రెండు ద్వారాల దగ్గర ఇద్దరు వేర్వేరు కాపలాదారులుంటారు. ముద్రణ బాధ్యత కప్స్ అనే వ్యవస్థది. మైకేల్ స్వీట్ 1997లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ తొలి పూర్తి రూపం 1999లో వచ్చింది. తర్వాత ఆపిల్ సంస్థ కూడా దీన్నే తన మ్యాక్ కంప్యూటర్లకు తీసుకుంది. స్కానింగు బాధ్యత సేన్ అనే మరో వ్యవస్థది. ఈ రెంటికీ పుట్టుక వేరు, రాసినవారు వేరు, సెట్టింగులు వేరు. ప్రింటరును జోడిస్తే స్కానర్ దానంతటదే వస్తుందన్న హామీ లేదు. ‘ప్రింటు వస్తోంది, స్కాన్ రావడం లేదు’ అన్న ఫిర్యాదుకు మూలం ఇదే. కప్స్ పని చేస్తోంది కాబట్టి తీగ, కరెంటు బాగానే ఉన్నాయి. వెతకాల్సింది సేన్ వైపు.

డ్రైవర్ అనే దుబాసీ

కంప్యూటర్ తెర మీద కనిపించే పుట ప్రింటరుకు నేరుగా అర్థం కాదు. ఏ బిందువు దగ్గర సిరా పడాలో, ఎక్కడ పడకూడదో దానికి చెప్పాలి. అంగుళానికి 600 బిందువుల చొప్పున ముద్రిస్తే ఒక్క ఎ4 పుటలో సుమారు 3.5 కోట్ల బిందువులుంటాయి. ఈ సమాచారాన్ని ఏ వరుసలో, ఏ కట్టుబాటుతో పంపాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పెట్టుకుంది. మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీ పేరే డ్రైవర్.

చవక ప్రింటర్లలో చిక్కు మరింత ఎక్కువ. ఖర్చు తగ్గించడానికి వాటిలో మెదడు చిన్నదిగా పెడతారు. పుటను బిందువులుగా మార్చే పనంతా కంప్యూటర్ మీదే పడుతుంది. ఫలితాన్ని ఆ కంపెనీ సొంత భాషలో పంపాలి. భారతదేశంలో ఆఫీసుల్లో, జిరాక్సు షాపుల్లో తరచుగా కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ ఎం1005 ఈ తరహా యంత్రమే. కంపెనీ ఆ భాషను బయటపెట్టకపోతే, విండోస్‌కు డ్రైవర్ ఇచ్చి లినక్స్‌కు ఇవ్వకపోతే యంత్రం బాగున్నా అక్కరకు రాదు.

ఈ సమస్యకు ఒక చరిత్ర ఉంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అందులో కాగితాలు తరచూ ఇరుక్కునేవి. అంతకుముందున్న ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్లేలా అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ సాఫ్ట్‌వేర్‌ను మార్చుకున్నాడు. కొత్త ప్రింటరుకు అలా చేద్దామంటే దాని మూల కోడ్ దొరకలేదు. సాఫ్ట్‌వేర్ కోడ్ వాడేవారి చేతిలో ఉండాలన్న పట్టుదల ఆయనలో బలపడటానికి ఈ అనుభవం ఒక కారణమైంది. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నెల్ దానితో కలిశాక ఇప్పుడు మనం లినక్స్ అని పిలిచే వ్యవస్థ పూర్తయింది. అంటే ప్రింటర్ పెట్టిన చిక్కు ఈ ఉద్యమం పుట్టుకలోనే ఉంది.

దుబాసీ అవసరం లేని రోజులు

గత పదిహేనేళ్లలో పరిస్థితి మారింది. లినక్స్ కోసమని కాదు, ఫోన్ల కోసం. ఫోనులో వందల ప్రింటర్లకు వందల డ్రైవర్లు నింపడం కుదరదు. 2010 నవంబర్‌లో ఆపిల్ ఎయిర్‌ప్రింట్ తెచ్చింది. డ్రైవర్ లేకుండానే ఫోను నుంచి ముద్రించే పద్ధతి అది. 2013లో ప్రింటర్ వర్కింగ్ గ్రూప్ అనే పరిశ్రమల బృందం ‘ఐపీపీ ఎవ్రీవేర్’ పేరుతో అందరికీ తెరిచిన ప్రమాణాన్ని ప్రకటించింది. ఐపీపీ అంటే ప్రింటరుతో మాట్లాడే ఉమ్మడి భాష.

ఈ భాషలో సంభాషణ తేలిగ్గా సాగుతుంది. కంప్యూటర్ ముందుగా ప్రింటరును అడుగుతుంది: ‘నీకు ఏమేం వచ్చు?’ ప్రింటర్ జవాబిస్తుంది: ‘ఎ4 కాగితం ఉంది, రెండు వైపులా ముద్రించగలను, రంగులు లేవు, ఈ రకం ఫైళ్లు తీసుకుంటాను.’ ఆ జవాబును బట్టి కంప్యూటర్ పుటను తయారుచేసి పంపుతుంది. మోడల్ పేరు తెలియాల్సిన పని లేదు. నిన్ననే మార్కెట్‌లోకి వచ్చిన ప్రింటర్ అయినా, అయిదేళ్ల కిందట తయారైన లినక్స్ దాన్ని నడపగలదు.

స్కానరుకూ ఇలాంటి ఉమ్మడి భాష ఉంది. దాని పేరు ఈఎస్‌సీఎల్. ఎయిర్‌స్కాన్ అన్నది వాడుకలో ఉన్న పేరు. ఏ సైజు, ఎంత స్పష్టత, రంగులా నలుపు తెలుపా అన్న వివరాలు వెబ్ పుటలు పంపే పద్ధతిలోనే అటూ ఇటూ వెళ్తాయి. లినక్స్‌లో ‘సేన్-ఎయిర్‌స్కాన్’ అనే భాగం సేన్‌కు ఈ భాష నేర్పుతుంది.

మొదట్లో ఇవన్నీ నెట్‌వర్క్ మీదే నడిచేవి. తీగతో కలిపిన ప్రింటరుకు ఈ సౌకర్యం ఎలా? 2012లో యూఎస్‌బీ తీగ మీదుగానే ఐపీపీ నడిపే పద్ధతికి ప్రమాణం వచ్చింది. లినక్స్‌లో ఆ పని చేసేది ‘ఐపీపీ-యూఎస్‌బీ’ అనే చిన్న ప్రోగ్రాం. తీగ అవతల ఉన్న ప్రింటరును అది నెట్‌వర్క్ ప్రింటరులా కంప్యూటర్‌కు చూపిస్తుంది. ముద్రణ, స్కానింగు రెండూ ఆ ఒక్క దారిలోనే వెళ్తాయి. 2021లో విడుదలైన డెబియన్ 11 నుంచి ఈ ఏర్పాటును డెబియన్ అధికారికంగా ముందుకు తెచ్చింది. ఉబుంటు, మింట్ ఇటీవలి రూపాల్లోనూ ఇది ఉంది. మన దేశంలో సీ-డాక్ 2007లో తెచ్చిన ‘బాస్’ లినక్స్‌కు కూడా డెబియనే పునాది.

బస్తర్ లాంటి ప్రాంతానికి దీనిలోని అసలు లాభం ఇంటర్నెట్‌తో పని లేకపోవడం. పాత పద్ధతిలో డ్రైవర్ దించుకోవాలి. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన చోట అది జరిగే పని కాదు. కొత్త పద్ధతిలో కావాల్సినదంతా లినక్స్ వేసిన పెన్‌డ్రైవ్‌లోనే ఉంటుంది. 2010లో మొదలైన సీజీనెట్ స్వర, ఇంటర్నెట్ లేని ఊళ్ల నుంచి మామూలు ఫోన్ కాల్‌తో గోండీ వార్తలు పంపే దారి చూపింది. ఉన్న వసతికి తగ్గట్టు సాంకేతికత ఒదగాలన్న ఆ సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

అమర్చే వరుస

మొదటి అడుగు కొనడానికి ముందే పడాలి. పెట్టె మీదో, వివరాల పత్రంలోనో ఎయిర్‌ప్రింట్ అనో, మోప్రియా అనో ఉందా చూడాలి. ఉంటే వై-ఫై మీద డ్రైవర్ లేకుండా ముద్రణ జరిగే అవకాశం చాలా ఎక్కువ. తీగ మీద కూడా అలాగే నడుస్తుందని మాత్రం ఈ ముద్ర హామీ ఇవ్వదు. వై-ఫై లేని, యూఎస్‌బీ మాత్రమే ఉన్న చవక మోడళ్ల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష వేరే ఉంది. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే, కంప్యూటర్‌లో ఏదీ మార్చకుండా నడపవచ్చు. ల్యాప్‌టాప్, ఆ పెన్‌డ్రైవ్ దుకాణానికి తీసుకెళ్లి ఒక పుట ముద్రించి, ఒక పుట స్కాన్ చేసి చూస్తే అనుమానం తీరిపోతుంది. జగదల్‌పూర్‌లో కొని వంద కిలోమీటర్ల దూరం తీసుకెళ్లాక తిరిగి ఇవ్వడం కంటే ఇది మేలు.

తర్వాత ప్రింటరును కలిపి, ఆన్ చేసి ఒక నిమిషం ఆగాలి. సెట్టింగుల్లోని ‘ప్రింటర్లు’ విభాగంలో చాలాసార్లు దాని పేరు దానంతటదే కనిపిస్తుంది. కనిపించకపోతే బ్రౌజర్ తెరిచి చిరునామా పట్టీలో లోకల్‌హోస్ట్ అని, పక్కన రెండు చుక్కలు పెట్టి 631 అని కొట్టాలి. ఈ పేర్లన్నీ అక్కడ ఆంగ్ల అక్షరాల్లో టైపు చేయాలి. కప్స్ సొంత పుట తెరుచుకుంటుంది. ఇది ఇంటర్నెట్ కాదు, ఆ కంప్యూటర్‌లోనే ఉన్న పుట. అక్కడ ‘అడ్మినిస్ట్రేషన్’ కింద ప్రింటరును జోడించవచ్చు. అనుమతి లేదని చెబితే, ఆ వాడకందారు పేరు ‘ఎల్‌పీఅడ్మిన్’ సమూహంలో ఉందా చూడాలి.

ఒకే ప్రింటర్ రెండు పేర్లతో కనిపిస్తే కంగారు పడాల్సిన పని లేదు. ఒకటి డ్రైవర్ లేని దారి, మరొకటి పాత డ్రైవర్ దారి. రెండింటితోనూ పరీక్ష పుట తీసి, బాగా వచ్చినదాన్ని ఉంచుకోవాలి. కాగితం సైజు ‘లెటర్’ అని ఉంటే ‘ఎ4’కు మార్చాలి. ఈ ఒక్క తేడాతో పుట అడుగున వరుసలు తెగిపోవడమో, ప్రింటర్ కాగితం కోసం ఎదురుచూస్తూ ఆగిపోవడమో జరుగుతుంది.

స్కానరుకు లినక్స్‌లో ‘డాక్యుమెంట్ స్కానర్’ అనే సులువైన అప్లికేషన్ ఉంది. అందులో పరికరం కనిపించకపోతే టెర్మినల్‌లో రెండు ప్రశ్నలు వేయాలి. ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ అనే ఆదేశం తీగ మీద ఏ పరికరాలున్నాయో చెబుతుంది. ‘స్కాన్‌ఇమేజ్’ ఆదేశం పక్కన చిన్న గీత, పెద్ద ఎల్ పెడితే సేన్‌కు ఏ స్కానర్లు కనిపిస్తున్నాయో చెబుతుంది. మొదటిదానిలోనే లేకపోతే లోపం తీగలోనో, కరెంటులోనో ఉంది. మొదటిదానిలో ఉండి రెండోదానిలో లేకపోతే సేన్‌కు ఆ యంత్రం భాష రాదు, లేదా అనుమతి లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐపీపీ-యూఎస్‌బీ ప్రోగ్రాం పరికరాన్ని ఒకసారి తన చేతిలోకి తీసుకున్నాక మరెవరినీ దగ్గరకు రానివ్వదు. కంపెనీ ఇచ్చిన పాత డ్రైవర్ వేసినవారికి స్కానర్ ‘బిజీ’ అని వస్తే కారణం చాలాసార్లు ఇదే. రెండు దారుల్లో ఒకదాన్నే ఎంచుకుని రెండోదాన్ని ఆపాలి.

వై-ఫై ప్రింటర్ కొన్నవారికి ఇంకో సందేహం వస్తుంది: ఇంటర్నెట్ లేకుండా వై-ఫై ఎందుకు? వై-ఫై అంటే ఇంటర్నెట్ కాదు. ఒక చిన్న రౌటర్ పెట్టి కంప్యూటర్‌ను, ప్రింటరును దానికి కలిపితే, బయటి ప్రపంచంతో సంబంధం లేకపోయినా అవి రెండూ మాట్లాడుకుంటాయి. ఒకదాన్నొకటి వెతుక్కోవడం కూడా ఆ గదిలోనే జరిగిపోతుంది.

పాత యంత్రం ఉంటే

విరాళంగా వచ్చినవో, ఆఫీసులు వదిలించుకున్నవో పాత ప్రింటర్లకు డ్రైవర్ లేని దారి ఉండదు. హెచ్‌పీ యంత్రాలకు హెచ్‌ప్లిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ముద్రణ, స్కానింగు రెండింటికీ అదే చాలు. కొన్ని మోడళ్లకు మాత్రం దానితోపాటు కోడ్ బయటపెట్టని ఒక ప్లగిన్ కూడా కావాలి. మామూలుగా అది ఇంటర్నెట్ నుంచి దిగుతుంది. సిగ్నల్ లేని చోటికి వెళ్లేవారు దాన్ని ముందే పెన్‌డ్రైవ్‌లో దించి ఉంచుకోవాలి. హెచ్‌ప్లిప్ సంఖ్య, ప్లగిన్ సంఖ్య ఒక్కటే కావాలి. సంఖ్య తేడా వస్తే అది పనిచేయదు. లినక్స్ అప్‌డేట్ అయిన మర్నాడు స్కానర్ ఆగిపోవడానికి ఇది ఒక కారణం.

బ్రదర్, కెనాన్, ఎప్సన్ వంటి సంస్థలు కొన్ని మోడళ్లకు లినక్స్ డ్రైవర్లు ఇస్తాయి. వాటిలో ప్రింటరుకు ఒక ప్యాకేజీ, స్కానరుకు మరో ప్యాకేజీ వేర్వేరుగా ఉండటం మామూలే. రెండూ వేయాలి. మూల కోడ్ లేని డ్రైవర్లు సాధారణంగా ఇంటెల్ తరహా ప్రాసెసర్ల కోసమే తయారవుతాయి. తక్కువ కరెంటుతో నడుస్తుందని రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ పెట్టుకుంటే అవి దాని మీద నడవకపోవచ్చు. కోడ్ తెరిచి ఉన్న డ్రైవరును ఏ ప్రాసెసరుకైనా మార్చుకోవచ్చు. మూసిన కోడ్, తెరిచిన కోడ్ మధ్య తేడా ఇలాంటి చోట చేతికి తగులుతుంది.

స్కానింగులో లెక్క

స్కానర్ అద్దం కింద ఒక సన్నని పట్టీ కదులుతుంది. కాగితం మీద వెలుగు వేసి, తిరిగొచ్చిన కాంతిని వరుసగా కొలుస్తుంది. అంగుళానికి 300 కొలతలు తీస్తే ఎ4 పుట 2480 అడ్డం, 3508 నిలువు బిందువులవుతుంది. మొత్తం 87 లక్షలు. రంగులో ఒక్కో బిందువుకు మూడు బైట్లు, అంటే కుదించకముందు 26 ఎంబీ. బూడిద రంగులో 8.7 ఎంబీ. పూర్తి నలుపు తెలుపులో 1.1 ఎంబీ లోపే. స్పష్టతను 600కు పెంచితే ఇవన్నీ నాలుగింతలు.

ఈ లెక్క తెలిస్తే బలహీనమైన నెట్‌తో కూడా పని జరుగుతుంది. టైపు చేసిన అర్జీని 300 స్పష్టతలో నలుపు తెలుపుగా స్కాన్ చేసి పీడీఎఫ్ చేస్తే కుదింపు తర్వాత చాలాసార్లు 100 కేబీకి అటూ ఇటూగా వస్తుంది. ముద్రలు, వేలిముద్రలు, రంగు సంతకాలు ఉన్నవాటికి, పటాలకు రంగు తప్పదు. మంచి పద్ధతి ఏమిటంటే, దాచుకునే ప్రతిని 300 స్పష్టతలో రంగులో తీసి ఊళ్లో ఉంచుకోవాలి. పంపాల్సిన ప్రతిని దాని నుంచి కుదించుకోవాలి. కుదించినదాని నుంచి వివరాలను మళ్లీ వెనక్కి తెచ్చుకోలేం.

చవక యంత్రాల్లో కాంతి పట్టీ కాగితానికి అతి దగ్గరగా చూస్తుంది. కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచినా మసక వస్తుంది. మడతలు పడిన పాత పట్టాలను అద్దానికి ఆనించి, మూత మీద ఒక పుస్తకం బరువు పెడితే అక్షరం తేరుకుంటుంది.

లిపి ఏదైనా ప్రింటరుకు బొమ్మే

బస్తర్‌లో హిందీ, హల్బీ, గోండీ, తెలుగు పక్కపక్కనే ఉంటాయి. ఏ భాష ముద్రించాలన్నా ప్రింటరుకు ఆ భాష రానక్కర్లేదు. అక్షరాలను కూర్చే పని కంప్యూటర్ చేసి, పుటను బిందువులుగా మార్చి పంపుతుంది. కాబట్టి కంప్యూటర్‌లో ఫాంటు ఉంటే చాలు. బస్తర్‌లో గోండీని ఎక్కువగా దేవనాగరిలో రాస్తారు. దానికి సొంత లిపులూ ఉన్నాయి. బాలాఘాట్‌కు చెందిన మంగళ్‌సింగ్ మసారం 1918లో రూపొందించిన మసారం గోండీ 2017లో, తెలంగాణలోని ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి గుంజాల గోండీ 2018లో యూనికోడ్‌లో చేరాయి. రెండింటికీ నోటో ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. లినక్స్‌లో వేసుకుంటే ఏ ప్రింటరైనా వాటిని ముద్రిస్తుంది.

చిక్కు పాత ఫాంట్లతోనే వస్తుంది. తెలుగులో అను, హిందీలో కృతిదేవ్ వంటి ఫాంట్లతో టైపు చేసిన ఫైలును ఆ ఫాంటు లేని లినక్స్‌లో తెరిస్తే అక్షరాల స్థానంలో అర్థం లేని ఆంగ్ల గుర్తులు కనిపిస్తాయి. పంపేవారినే పీడీఎఫ్ చేసి పంపమనడం దీనికి తేలిక మార్గం. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా ఫైలుతో కలిసి వస్తుంది.

స్కాన్ చేసిన బొమ్మను తిరిగి అక్షరాలుగా మార్చే టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ లేకుండానే తెలుగు, హిందీ ముద్రిత పాఠాలను చదువుతుంది. హెచ్‌పీ ప్రయోగశాలల్లో పుట్టి 2005లో కోడ్ తెరుచుకున్న సాధనం ఇది. గోండీ సొంత లిపులు చదవడం దీనికి ఇంకా నేర్పలేదు. ముద్రించే దారి తెరుచుకుంది, చదివే దారి తెరుచుకోవాల్సి ఉంది.

కరెంటు, తేమ

సాఫ్ట్‌వేర్ అంతా సరిగా ఉన్నా వానాకాలంలో ప్రింటర్ మొరాయిస్తుంది. లేజర్ ప్రింటరులో టోనర్ పొడిని కాగితం మీదికి లాగేది స్థిర విద్యుత్తు. తేమ పట్టిన కాగితం గుండా ఆ ఆవేశం కారిపోతుంది. అక్షరాలు పాలిపోతాయి. వేడి రోలరు దగ్గర తేమ ఆవిరై కాగితం చుట్టుకుపోయి ఇరుక్కుంటుంది. కాగితాల కట్టను గాలి చొరని డబ్బాలో ఉంచి, ఆ రోజుకు కావాల్సినన్నే ట్రేలో పెట్టడం మంచిది.

కరెంటు లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లో మారుమూల ఊళ్లలో, ఆరోగ్య కేంద్రాల్లో క్రెడా సంస్థ సౌర విద్యుత్తు ఏర్పాట్లు చేసింది. చిన్న సోలార్ ఇన్వర్టర్ మీద లేజర్ ప్రింటర్ పెట్టడం కష్టం. టోనరును కరిగించి అతికించే రోలరును వేడి చేయడానికి అది వందల వాట్లు లాగుతుంది. సిరా ట్యాంకు ప్రింటరుకు ముద్రణ సమయంలో ఇరవై వాట్లకు అటూ ఇటూ సరిపోతాయి. అయితే వారాల తరబడి వాడకపోతే దాని ముక్కుల్లో సిరా ఎండిపోతుంది. వారానికి ఒక రంగు పుటైనా తీస్తూ ఉండాలి.

జాగ్రత్తలు, రాబోయే మార్పు

ఉమ్మడి యంత్రం మీద స్కాన్ చేసిన ఆధార్, బ్యాంకు పుస్తకాల ప్రతులు అందరికీ కనిపించే ఫోల్డరులో మిగిలిపోతాయి. పని అయ్యాక తొలగించడం అలవాటు కావాలి. 2024 సెప్టెంబరులో కప్స్‌కు తోడుండే ‘కప్స్-బ్రౌజ్డ్’ అనే భాగంలో భద్రతా లోపాలు బయటపడ్డాయి. బయటివారు నకిలీ ప్రింటరును జొప్పించి, దానికి ఏదైనా ముద్రణ పంపినప్పుడు తమ ఆదేశాలు నడిపే వీలు అందులో ఉంది. దిద్దుబాట్లు వచ్చాయి. నెట్‌కు అరుదుగా కలిసే కంప్యూటర్లకు అవి ఆలస్యంగా చేరతాయి. ఒకే ప్రింటర్ ఉన్న చోట ఆ భాగం అవసరం సాధారణంగా ఉండదు కాబట్టి ఆపివేయవచ్చు.

రాబోయే కప్స్ 3లో పాత తరహా డ్రైవర్లకు చోటుండదు. డ్రైవర్ లేని దారే అసలు దారి అవుతుంది. పాత యంత్రాల కోసం ‘ప్రింటర్ అప్లికేషన్’ అనే తొడుగు వస్తోంది. లోపల పాత డ్రైవర్ ఉంటుంది, బయటికి మాత్రం కొత్త ఉమ్మడి భాష మాట్లాడుతుంది. మైక్రోసాఫ్ట్ కూడా కంపెనీల సొంత డ్రైవర్లకు క్రమంగా ముగింపు పలుకుతున్నట్లు 2023లో ప్రకటించింది. మొత్తం రంగం ఒకే వైపు నడుస్తోంది.

అందువల్ల గ్రామసభకో, బడికో, ఆరోగ్య కేంద్రానికో ప్రింటర్ కొనేవారు ధర, వేగంతోపాటు మూడు ప్రశ్నలు అడగాలి. ఇది ఉమ్మడి భాష మాట్లాడుతుందా? స్కానర్ కూడా మాట్లాడుతుందా? ఇంటర్నెట్ లేకుండా మొదటి పుట వస్తుందా? మూడింటికీ అవునని జవాబు వస్తే, తన దస్త్రానికి నకలు ఉంచుకోవడానికి ఆ ఊరు ఇక బస్సు కోసం ఎదురుచూడనక్కర్లేదు.